దేవుడి కుండ, అమ్మ గంజి

మా ఊరి పాస్టర్ గారు ఫోన్ చేసినప్పుడు నేను పప్పులో తాలింపు వేస్తున్నాను. ఈ రోజుల్లో పాస్టర్లు ఫోన్ చేస్తే ముందు మన ఆరోగ్యం అడుగుతారు, తర్వాత పిల్లల ఉద్యోగాలు అడుగుతారు, అసలు సంగతి ఆ తర్వాతెప్పుడో వస్తుంది. ఆవాలు మాడిపోయాక వచ్చింది. "టీచర్ గారండీ, మన మందిరానికి పై అంతస్తు వేస్తున్నామండి. వచ్చే ఆదివారం ప్రత్యేక కానుకల కూడిక. మీరొచ్చి ఆ కుండ సాక్ష్యం ఒక్కటి చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. మిగతాది ఏమిటో నాకు తెలుసు. నేను చెప్పి కూర్చోగానే ఆయన మైకు అందుకుని, "చూశారా, దేవుడికిచ్చిన కుండ తరగలేదు. మీరు వెయ్యి విత్తండి, ఆయన లక్ష కోయిస్తాడు" అంటారు. వెనక తెర మీద స్కానర్ బొమ్మ పడుతుంది. జనం ఫోన్లు పైకెత్తుతారు. దేవుడి దగ్గర ఫిక్సెడ్ డిపాజిట్ వేసినట్టే. చిరాకు పుట్టుకొచ్చింది కానీ, వస్తానన్నాను. ముప్పై ఏళ్ళుగా చెబుతున్న సాక్ష్యాన్ని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పనంటాను?

ఆ సాక్ష్యం మా అమ్మది. అమ్మ పేరు సంతోషమ్మ. ధవళేశ్వరం ఆనకట్ట దాటి, కాలువ గట్టు పట్టుకుని పోతే వచ్చే ఊళ్ళో, ఊరికి పడమర పక్కన మా పేట. నాన్న రైతుల పొలాల్లో కూలికి వెళ్ళేవాడు. అమ్మ నాట్లకూ కలుపులకూ కోతలకూ వెళ్ళేది. కోతల్లో వచ్చిన ధాన్యం సంక్రాంతి తర్వాత కొన్ని నెలలు ఆడేది. నాట్లు అయిపోయాక, మళ్ళీ కోతలు వచ్చేదాకా ఉండే రోజులే చెడ్డవి. పొలాల్లో పని ఉండదు, ఇంట్లో గింజ ఉండదు, వాన మాత్రం బోలెడంత ఉంటుంది. తడిసిన తాటాకు వాసన, పొగ పట్టిన దూలం వాసన, ఎండని బట్టల ముక్కిన వాసన, ఈ మూడూ కలిస్తే నాకిప్పటికీ ఆకలేస్తుంది.

మా ఇంట్లో అన్నం రోజుకు ఒకసారే, సాయంత్రం వండేవాళ్ళం. పొద్దున చద్దన్నం. అమ్మ బియ్యపు డబ్బాలోంచి సోలతో కొలిచి చేటలో పోసేది. రాళ్ళు ఏరేది. ఎసట్లో పోసే ముందు తల మీద చెంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఆ చేటలోంచి ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కన మూలనున్న మట్టి కుండలో వేసేది. అదే దేవుడి కుండ. పేటలో ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. డబ్బులు ఇవ్వలేని ఆడవాళ్ళు దేవుడికి ఇచ్చుకునే మార్గం అది. ఆదివారం ఆ బియ్యం చెంగున ముడేసుకునో, పాత్రలో పోసుకునో గుడికి తీసుకెళ్ళి బల్ల ముందు పరిచిన చాప మీద పోసేవారు. సగం అయ్యగారింటికి వెళ్ళేది. అప్పట్లో పాస్టరును మేము అయ్యగారనేవాళ్ళం. మిగతా సగం ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. అందరి బియ్యం కలిసిన ఆ కుప్పలో ముతకవీ సన్నవీ, కొత్తవీ పాతవీ, నూకలూ అన్నీ ఉండేవి. వండితే కొన్ని జావ అయ్యేవి, కొన్ని పలుకు మీద ఉండేవి. ఎవరూ ఎక్కువకు పాడరు. చవగ్గా వస్తున్నాయని చాలాసార్లు నాన్నే పాడేవాడు. అంటే, అమ్మ రాళ్ళేరి ఇచ్చిన మంచి బియ్యం అయ్యగారింట ఉడికేవి, ఊరందరి నూకలూ మా ఇంట ఉడికేవి. ఇదెక్కడి బేరమే అని నేను అమ్మతో పోట్లాడేదాన్ని. "దేవుడితో బేరమేంటే, తప్పు" అనేది.

ఇంకో పోట్లాట గుప్పెడు మీద. గుప్పెడంటే వేళ్ళు ముడిస్తే అందులో పట్టేవి. అమ్మ వేళ్ళు ముడిచేది కాదు. చెయ్యి బారుగా చాపి, చేటలో పారలాగా దించి, పైకి తీసేది. గింజలు అంచుల నుంచి జారుతూనే ఉండేవి. "అది గుప్పెడు కాదమ్మా, గుప్పెడున్నర" అనేదాన్ని. "దేవుడు నీకిచ్చేటప్పుడు వేళ్ళు ముడుచుకునిచ్చాడా?" అనేది. ఏమిచ్చాడని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే గరిట తిరగేసేది.

చెడ్డ రోజుల్లో ఆ కుండ నా కళ్ళ ముందు కూర్చుని నన్ను వెక్కిరించేది. ఒకసారి డబ్బాలో అడుగు కనిపించింది. అమ్మ లేచి, చేట పట్టుకుని, పక్కింటికి బదులు బియ్యానికి బయల్దేరింది. మూలన కుండలో వారం నుంచి పోగైన బియ్యం ఉన్నాయి. "ఇవేం చేశాయి?" అన్నాను. "అవి మనవి కావు" అంది. సరే, బదులు తెచ్చింది. తెచ్చిన ఆ బదులు బియ్యంలోంచి కూడా, తల మీద చెంగు కప్పుకుని, గుప్పెడున్నర తీసి కుండలో వేసింది! పక్కింటావిడ దగ్గర బదులు తెచ్చి దేవుడికిచ్చే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. "రేపెలాగే?" అని నాన్న అడిగితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "దేవుడు చూసుకుంటాడులెండి." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఆ మంటలోనే దొంగతనం మొదలుపెట్టాను. హైస్కూలు పక్క ఊళ్ళో. కాలువ గట్టు మీద గంటకు పైగా నడక. చద్దన్నంలో మెతుకుల కన్నా నీళ్ళెక్కువగా ఉన్న ఒక పొద్దున, అమ్మ పెరట్లో ఉండగా కుండలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి పరికిణీ అంచున ముడేసుకున్నాను. దారి పొడుగునా నాలుగేసి గింజలు నోట్లో వేసుకుని నమిలాను. పచ్చి బియ్యం నమిలితే పాలలా ఊరుతుంది, కడుపు నిండినట్టే ఉంటుంది. మర్నాడూ తీశాను. ఆ మర్నాడూ తీశాను. బడి ఉన్న రోజల్లా తీశాను. నాకు భయం లేకపోలేదు. అమ్మకన్నా దేవుడంటేనే ఎక్కువ భయం. ఆదివారం అమ్మ కుండ వంచేటప్పుడు బియ్యం తక్కువ కావడం, అమ్మ నా వైపు చూడడం, అయ్యగారు అందరి ముందు నన్ను నిలబెట్టడం, ఇవన్నీ ముందే ఊహించుకుని ఏడ్చాను కూడా.

ఆదివారం కుండ వంచింది. బియ్యం ఎప్పుడూ వచ్చినన్నే వచ్చాయి.

నాకు లెక్కలంటే ప్రాణం. నా గుప్పెడు అమ్మ గుప్పెట్లో సగం. వారానికి అమ్మ వేసేవి ఏడు. నేను తీసే ఆరూ అమ్మ లెక్కలో మూడు. ఏడులోంచి మూడు పోతే నాలుగు ఉండాలి. ఏడూ ఉన్నాయి. మరుసటి వారం చీపురు పుల్ల ఒకటి తీసి, గోటితో గీత పెట్టి, రోజూ కుండలో గుచ్చి చూశాను. పొద్దున తీసేసరికి గీత కిందకు దిగేది. మర్నాటికల్లా ఎంత ఉండాలో అంతకు ఎక్కేది. ఆదివారపు బడిలో బైబిల్లోని పిండి తరగని ఇంటి కథ విని ఉన్నాను. ఇంకేం కావాలి? మా ఇంట్లో అద్భుతం జరుగుతోంది! దొంగతనం చేస్తున్న నా చేతి కిందే దేవుడు నింపుతున్నాడు. ఆయనకు నా మీద కోపం లేదన్నమాట. అప్పటి నుంచి భయం పోయింది. కోతలు వచ్చేదాకా హాయిగా తిన్నాను.

ఆ రోజుల్లో అమ్మ గురించి నాకు గుర్తున్నది ఇంకొకటి ఉంది. గంజి. నాన్నకూ తమ్ముడికీ నాకూ పెట్టాక, చివర్న అమ్మ కూర్చునేది. చాలా రోజులు ఆవిడ కంచంలో అన్నం ఉండేది కాదు. వార్చిన గంజి చెంబులో పోసుకుని, ఉప్పు వేసుకుని, ఊపిరి తీయకుండా గటగటా తాగేసేది. అన్నం తినవేమ్మా అంటే, "నాకు గంజే ఇష్టమే, ఒంటికి చలవ" అనేది. అంత ఇష్టంగా తాగేది కాబట్టి నమ్మాను. ఆవిడకు గంజి ఇష్టమన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన నిజమైపోయింది.

నేను చదువుకుని, లెక్కల టీచరునై, రాజమండ్రిలో స్థిరపడ్డాను. మొదటి జీతంలోంచి పదో వంతు దేవుడికి తీశాను. ఎందుకు తీశానంటే, నేను కళ్ళారా చూశాను కాబట్టి. దేవుడికిచ్చింది తరగదని పుల్ల పెట్టి కొలిచిన మనిషిని నేను! స్త్రీల కూడికల్లో నిలబడి ఈ సాక్ష్యం చెబుతుంటే ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునేవారు. దాన్ని విని గాజులు తీసి కానుక సంచిలో వేసినావిడ కూడా ఉంది. పిల్లల ఫీజులు కట్టాల్సిన నెలలో కూడా పదో వంతు ముందు తీసి, మా ఆయన గొణుగుతుంటే, "దేవుడు చూసుకుంటాడులెండి" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది.

అమ్మ నా దగ్గరున్న ఏళ్ళలో ఈ సాక్ష్యాలన్నిటికీ వచ్చేది. నాన్న పోయాక, తను పోయేదాకా నా దగ్గరే ఉంది, ఎక్కడికి వెళ్ళినా వెంట వచ్చి ముందు వరసలో కూర్చునేది. నేను దొంగతనం సంగతి చెప్పే చోట తల వంచుకునేది. బియ్యం తరగలేదని చెప్పే చోట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. ఆనందంతో గొంతు పూడుకుపోయిందనుకునేదాన్ని. నా పెళ్ళిలో కుండపోతగా వాన కురిస్తే, పందిట్లో తడిసిపోతూ, "పడదూ మరి పెళ్ళినాడు వాన, పచ్చి బియ్యం బొక్కితే!" అని నవ్విన మనిషి. అప్పటికింకా నేను ఆవిడకు ఆ దొంగతనం సంగతి చెప్పలేదు. లెక్కల టీచరును, ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలా వద్దా?

ఆలోచించలేదు. మొన్నటి ఆదివారం దాకా.

పొద్దున్నే ఊరికి వెళ్ళాను. గుడికి ఇంకా టైముంది కదా అని పాతికేళ్ళ కిందట పోయిన మా అయ్యగారి భార్య, మార్తమ్మ గారిని చూడబోయాను. తొంభై దాటాయి. మనవరాలు చూసుకుంటోంది. కళ్ళు సరిగ్గా కనిపించవు కానీ చెవులు పాము చెవులు. ఆవిడ కోసం ఒక బస్తా సన్నబియ్యం తీసుకెళ్ళాను. ఆటో అతను దాన్ని అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

"ఇవాళ ఏం చెబుతావమ్మాయ్?" అన్నారు.

"ఇంకేముందండీ, కుండ సంగతే. పాస్టర్ గారు అదే కావాలన్నారు."

"ఇంకా అదే చెబుతున్నావా?"

"అదేంటండీ అమ్మగారూ అలా అంటారు, జరిగిందే కదండీ!"

"జరిగిందిలే. ఎలా జరిగిందో మీ అమ్మ పోయేలోగా చెబుతుందనుకున్నాను. చెప్పలేదన్నమాట." ఆవిడ నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. "ఓ రోజు మీ అమ్మ ఏడుస్తూ మా పెరట్లోకొచ్చింది సుగుణమ్మా. 'మా పిల్ల దేవుడి కుండలోంచి తింటోందండి అమ్మగారూ, తిడితే బడికి ఆకలితో పోతుంది, ఊరుకుంటే దేవుడి సొమ్ము, నన్నేం చెయ్యమంటారు' అంది. పిచ్చిదానా, పిల్లకే పెట్టు, కుండలో వేసేది తగ్గించు, దేవుడేమీ పస్తుండడులే అన్నాను. అయ్యగారూ చెప్పారు. వింటేగా! 'పిల్ల తిన్నది పిల్లది, దేవుడిది దేవుడిది, మధ్యలో తగ్గించుకోడానికి నాది ఉంది కదండీ' అంది. నువ్వెంత తీస్తే అంత సాయంత్రం కొలిచిన బియ్యంలోంచి తీసి కుండలో పోసేది. మిగిలినవి వండి మీకు పెట్టేసి గంజి తాగేది. మీ అమ్మతో నేను వేగలేకపోయాననుకో."

"గంజంటే అమ్మకు ఇష్టం కదండీ" అన్నాను.

"ఎవరు చెప్పారు నీకు? ఆ వాసనకే దానికి కడుపులో తిప్పేది. అందుకే ఊపిరి బిగబట్టి తాగేసేది. మా పెరట్లో ఒకసారి కక్కుకుంది కూడాను."

పదకొండేళ్ళు అమ్మ నా దగ్గర ఉంది. ఇంట్లో కుక్కరున్నా, ఆవిడకు ఇష్టమని, రోజూ సాయంత్రం విడిగా గిన్నెలో అన్నం వండి, గంజి వార్చి, ఉప్పేసి చేతికిచ్చాను. "దేవుడికి స్తోత్రం" అని ఊపిరి తీయకుండా తాగేసి గ్లాసు ఇచ్చేసేది. ఎంత ఇష్టమో అని మురిసిపోయేదాన్ని. ఆఖరి వారం కూడా చెంచాతో పట్టింది గంజే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "నాకొద్దే" అంటే ఏం పోయింది? కొడతానా, తిడతానా? ఎదురుగా కూర్చుని నా సాక్ష్యం ముప్పై సార్లు విన్నదే, ఇంటికొచ్చాక ఒక్కసారైనా చెప్పొద్దూ? ఆ అరుగు మీద కూర్చుని నేను ఏడవలేదు. తిట్టాను. అమ్మను తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, పుల్ల పెట్టి గీతలు కొలిచి ఇంట్లో ఎవరు చిక్కిపోతున్నారో చూడని ఆ పిల్లను తిట్టుకున్నాను. దేవుణ్ణి కూడా అడిగాను, నీకంత అవసరమా ఆ బియ్యం అని. మార్తమ్మ గారు నా చెయ్యి వదల్లేదు. "నేనూ ఇన్నేళ్ళుగా తిడుతూనే ఉన్నానమ్మా దాన్ని" అన్నారు.

గుళ్ళో చాప లేదు, కుప్ప లేదు. నున్నటి పలకల నేల, రంగు దీపాలు, తెర మీద కానుకలిచ్చినవాళ్ళ పేర్లు, ఎదురుగా అంకెలు. అప్పట్లో మాత్రం గొప్పలు లేవని కాదు, ఇత్తడి పాత్రలో తెచ్చినావిడ చెంగున తెచ్చినావిడ వైపు ఓరగా చూసేది. కానీ చాప మీద పడ్డాక ఎవరి గింజ ఎవరిదో తెలిసేది కాదు. నా పేరు పిలిచారు. లేచి మైకు దగ్గరకు వెళ్ళాను. పాస్టర్ గారు చిరునవ్వుతో నిలబడ్డారు, స్కానర్ సిద్ధంగా ఉంది.

కుండ సంగతి మొత్తం చెప్పాను. దొంగతనం చెప్పాను, పుల్ల సంగతి చెప్పాను. తర్వాత, "ముప్పై ఏళ్ళుగా ఇక్కడితో ఆపేదాన్నండి. మిగతాది నాకు ఈ పొద్దునే తెలిసింది" అని, మార్తమ్మ గారు చెప్పింది చెప్పాను. "దేవుడు మా కుండ నింపలేదని నేననను. మా అమ్మ చేతుల్తో నింపాడు. కానీ అందుకు మా అమ్మ పస్తులుంది. మా అమ్మ తనకు తానుగా తన వాటా తీసి ఇచ్చుకుంది, తిరిగొస్తుందని ఇవ్వలేదు, తిరిగి రాలేదు కూడా. మీరూ ఇవ్వండి. ఇచ్చేముందు ఇంటికెళ్ళి, మీ ఇంట్లో ఎవరు గంజి తాగుతున్నారో ఒకసారి చూసుకోండి" అన్నాను. వెనక వరసలో ఒక ముసలాయన "ఆమెన్" అన్నాడు. పాస్టర్ గారు మైకు అందుకుని, "టీచర్ గారు చక్కగా చెప్పారు, దేవుడికి స్తోత్రం" అని కీబోర్డు వాయించే అతని వైపు చూశారు. పాట మొదలైంది. తెర మీద స్కానర్ కూడా పడింది. ఎవరు తిట్టినా ఆగేది కాదు అది.

నేనూ సంచిలో నా పదో వంతు వేసి వచ్చాను. అద్భుతం కాదని తెలిసిపోయింది కదా, ఇక మానేయొచ్చు. మానలేను. అమ్మ అన్నం మానుకుని నాకు అంటించిన అలవాటు ఇది, ఎలా మానను? నా విసుగంతా అదే.

భోజనానికి మార్తమ్మ గారింటికే వెళ్ళాను. మనవరాలు బస్తా కుట్టు విప్పి చేటలోకి బియ్యం తీస్తోంది. "ఆగమ్మాయ్" అన్నారు పెద్దావిడ మంచం మీంచి. "ముందు దేవుడిది తియ్యనీ. సుగుణమ్మా, నువ్వు తియ్యి." బస్తాడు బియ్యం తెచ్చిన మనిషిని, గుళ్ళో అంత మాట్లాడి వచ్చిన మనిషిని, మళ్ళీ గుప్పెడు తియ్యమంటారే! ఇప్పుడు గుళ్ళో ఈ బియ్యం ఎవరు పుచ్చుకుంటారండీ అన్నాను. "ఎదురింటి దానికిద్దాం, దానికి కూలి లేదు నాలుగు రోజుల్నించి. తియ్యి." చేటలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి, ఆవిడ పట్టుకున్న గిన్నెలో పోశాను. ఆవిడ గిన్నెను అరచేతిలో కాస్త ఎత్తి బరువు చూశారు.

"మీ అమ్మ గుప్పెడు ఇంత కాదే" అన్నారు.

గింజలు మళ్ళీ చేటలో పోసి, వేళ్ళు బారుగా చాపి, ఈసారి పారలాగా దించాను.